కోవిడ్ తగ్గింది, ఓడ ఎక్కనిస్తారా?

(పాఠకుల ప్రశ్నలు – డాక్టరు జవాబులు, జూన్ 2022. ఇందులోని కోవిడ్ నియమాలన్నీ ఆ నాటివి)

ప్రశ్న: మార్చి నెలాఖరున తెనాలి నుంచి సియాటిల్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. జులై 9న అందరం కలిసి అలాస్కా క్రూజ్‌కు వెళ్లాలని అల్లుడుగారు టిక్కెట్లు తీశారు. ఈలోగా మే 15న నాకు జ్వరం, గొంతునొప్పి మొదలయ్యాయి. మర్నాడు మందుల షాపులో పీసీఆర్ పరీక్ష చేయిస్తే పాజిటివ్ అని వచ్చింది. మూడు రోజుల తర్వాత మావారికీ వచ్చింది గాని, ఆయనకు ఇంట్లో కిట్‌తోనే చూసుకుని ఊరుకున్నాం. వారం తిరిగేసరికి ఇద్దరికీ తగ్గిపోయింది. కోవిడ్ వచ్చినవాళ్లకు మూడు నెలలదాకా పరీక్షలో పాజిటివే వస్తుందని, రేవు దగ్గర వెనక్కి పంపేస్తారని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. విమానాలకే పరీక్ష ఎత్తేశారు, ఇక ఓడకెందుకని అల్లుడుగారు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? మావారికి 68 ఏళ్లు, బీపీ ఉంది. ఇద్దరం రెండు డోసులూ, ప్రికాషన్ డోసూ వేయించుకున్నాం.
– ఒక పాఠకురాలు, తెనాలి (ప్రస్తుతం సియాటిల్)

జవాబు: అల్లుడుగారు చెప్పింది విమానాల వరకు నిజమే. అమెరికాకు విమానంలో వచ్చే ప్రతివారూ నెగటివ్ రిపోర్టు గాని, కోవిడ్ నుంచి కోలుకున్నట్లు పత్రం గాని చూపాలన్న నియమం 2021 జనవరి 26న మొదలై, ఈ నెల 12తో ముగిసింది. అయితే ఓడల సంగతి వేరు. అమెరికా రేవుల నుంచి బయలుదేరే క్రూజ్ ఓడలకు ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ ఏడాది జనవరి 15 నుంచి అవి ఓడ కంపెనీలు తమంతట తాము ఒప్పుకుని పాటించే పద్ధతిగా మారినా, ఎక్కేముందు పరీక్ష మాత్రం పోలేదు. మీ ప్రయాణంలో మూడో మెలిక కూడా ఉంది. విదేశీ జెండాతో నడిచే ఓడ అమెరికా రేవులో బయలుదేరి మళ్లీ అమెరికా రేవుకే చేరేటట్లయితే, మధ్యలో ఒక విదేశీ రేవునైనా తాకి రావాలని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడలు కెనడాలోని విక్టోరియా దగ్గరో, మరో కెనడా రేవు దగ్గరో ఆగుతాయి. అంటే మీరు ఓడ కంపెనీ నియమాలతోపాటు అమెరికా, కెనడా రెండు దేశాల నియమాలకూ సరిపోవాలి.

మిమ్మల్ని భయపెడుతున్నవారి మాటలో సగం నిజముంది. పీసీఆర్ పరీక్ష వైరస్ జన్యుపదార్థపు తునకలను లక్షల రెట్లు పెంచి పట్టుకుంటుంది. వ్యాధి తగ్గి, ఇతరులకు అంటించే దశ దాటిపోయాక కూడా ఆ తునకలు ముక్కులోనూ గొంతులోనూ వారాల తరబడి, కొందరిలో మూడు నెలల దాకా ఉండవచ్చు. స్వల్పంగా జబ్బు చేసినవారి నుంచి సాధారణంగా పది రోజుల తర్వాత వ్యాధి అంటదు. అయినా వారి పీసీఆర్ రిపోర్టు మాత్రం పాజిటివ్ అనే రావచ్చు. యాంటిజెన్ పరీక్ష అలా కాదు. అది వైరస్ మాంసకృత్తులను వెతుకుతుంది, అవి తగినంత ఉంటేనే గీత కనిపిస్తుంది. కోలుకుని నెల దాటినవారిలో అది పాజిటివ్‌గా రావడం అరుదు. అందుకే కోవిడ్ వచ్చి 90 రోజులు దాటనివారికి పరీక్ష చేయవలసివస్తే పీసీఆర్ వద్దు, యాంటిజెన్ చేయమని సీడీసీ చెబుతోంది.

ఇక మొదట మీ సంగతి చూద్దాం. కోలుకున్నవారు పరీక్షకు బదులుగా రెండు కాగితాలు చూపవచ్చు. మొదటిది, ప్రయాణానికి ముందు 90 రోజుల లోపల వచ్చిన పాజిటివ్ రిపోర్టు. రెండోది, ఐసొలేషన్ కాలం ముగిసిందనీ, ప్రయాణానికి అభ్యంతరం లేదనీ డాక్టరు సంతకం చేసి ఇచ్చిన లేఖ. మీరు మే 16న నమూనా ఇచ్చారు కాబట్టి మీ 90 రోజులు ఆగస్టు 14 వరకు ఉన్నాయి. ఓడ బయలుదేరేది 54వ రోజున, కాబట్టి గడువు గురించి మీకు దిగులు అక్కర్లేదు. కెనడా లెక్క ఇంకా ఉదారమైనది. పది రోజులు నిండి 180 రోజులు మించని పాజిటివ్ రిపోర్టును అది అంగీకరిస్తుంది, కాకపోతే అది పీసీఆర్ లాంటి మాలిక్యులర్ పరీక్షే అయి ఉండాలి. మీ రిపోర్టు రెండు దేశాలకూ సరిపోతుంది. ఒక్క మాట గట్టిగా చెబుతాను: ఈ కాగితాలు చేతిలో ఉండగా, మనశ్శాంతి కోసమని బయలుదేరే వారంలో మళ్లీ పీసీఆర్ చేయించుకోకండి. పాత తునకల వల్ల అది పాజిటివ్ అని వస్తే, కొత్త తేదీతో కొత్త పాజిటివ్ రిపోర్టు మీ పేర పుడుతుంది. దానికి పది రోజులు నిండలేదని రేవులో ఆపితే వాదించడానికి ఏమీ ఉండదు.

రేవుల్లో చిక్కు చాలాసార్లు జబ్బు దగ్గర రాదు, కాగితం దగ్గర వస్తుంది. మన పేర్లే చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ల్యాబు రిపోర్టులో ఒక్క పొడి అక్షరమే పడుతుంది. రెండూ ఒకరివేనని అక్కడి ఉద్యోగికి ఎలా తెలుస్తుంది? రిపోర్టులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. దానితోపాటు పుట్టినతేదీ గాని పాస్‌పోర్టు నంబరు గాని, నమూనా తీసుకున్న తేదీ, ఏ పరీక్ష చేశారన్నది, ల్యాబు పేరు ఉండాలి. తప్పు పడితే ఇప్పుడే ఫోన్ చేసి దిద్దించుకోండి, ఇంకా మూడు వారాలు ఉంది. తేదీల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మన దేశంలో ముందు రోజు, తర్వాత నెల రాస్తాం, అమెరికాలో ముందు నెల రాస్తారు. మన అలవాటు ప్రకారం 05/06/2022 అని రాసిన లేఖ జూన్ 5 నాటిదైతే, అక్కడివారు దాన్ని మే 6గా చదువుతారు. అప్పుడు మీకు జబ్బు రాకముందే డాక్టరు తగ్గిందని రాసినట్లవుతుంది. అందుచేత ప్రతి తేదీలోనూ నెల పేరు అక్షరాలతో రాయించండి. మీ కోవిన్ వ్యాక్సిన్ సర్టిఫికెట్లలో పాస్‌పోర్టు నంబరు చేరి ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే కోవిన్ పోర్టల్‌లోనే చేర్చుకోవచ్చు.

లేఖ ఎవరివ్వాలని మీరు అడగకపోయినా చెప్పడం అవసరం. తెనాలిలో మీ కుటుంబ డాక్టరుగారు ఎంత ఆత్మీయులైనా, ఈ జబ్బులో మిమ్మల్ని చూడలేదు. అమ్మాయి ఇంటి దగ్గరి క్లినిక్‌లో గాని, వీడియోలో చూసే అక్కడి డాక్టరుకు గాని రిపోర్టు చూపి, లక్షణాలు ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గాయో చెప్పి లేఖ తీసుకోవడమే నా సలహా. అది డాక్టరు పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఉన్న లెటర్‌హెడ్ మీద, సంతకంతో, తేదీతో ఉండాలి. రెండు ప్రతులు అచ్చు తీయించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుని నేరుగా గదికి పంపుతారు కాబట్టి కాగితాలు వాటిలో వేయకండి.

మీ వారి విషయం వేరు. ఇంట్లో ఎవరికివారు చేసుకున్న కిట్‌ను ఎవరూ రుజువుగా తీసుకోరు. కిట్ పక్కన కాలెండరు పెట్టి తీసిన ఫొటో కూడా పనికిరాదు. ఆయనకు కోవిడ్ వచ్చిందన్నది నిజమే, కాని కాగితం మీద రాలేదు. కాబట్టి ఆయన ఎక్కేముందు పరీక్ష చేయించుకోవలసిందే, అది యాంటిజెన్ పరీక్ష అయి ఉండాలి. ఎన్ని గంటల ముందు చేయించుకోవాలన్నది మీ ఓడ కంపెనీ పంపిన ఉత్తరంలో ఉంటుంది, దాన్నే పాటించండి. ఇంట్లో కిట్‌తో చేసినా చెల్లే పద్ధతి ఒకటుంది. బైనాక్స్‌నౌ లాంటి కిట్‌ను వీడియోలో ఆరోగ్య కార్యకర్త చూస్తూ ఉండగా చేయడం అది. కంప్యూటరు ముందు కూర్చుని, పాస్‌పోర్టు చూపి, వారు చెప్పినప్పుడే డబ్బా విప్పాలి. వారు చూస్తుండగా పుల్ల రెండు ముక్కురంధ్రాల్లోనూ తిప్పి కార్డులో పెట్టి, పదిహేను నిమిషాలు ఆ కార్డును కెమెరా ముందు నుంచి కదపకుండా ఉంచాలి. ఫలితం వారే చూసి రిపోర్టు పంపుతారు. డబ్బా ముందే విప్పితే ఆ కిట్ చెల్లదు కనుక, అదనంగా ఒకటి కొని ఉంచుకోండి.

ఆయన ఈ వారంలోనే ఒక పీసీఆర్ చేయించుకోవడం నాకు మంచిదనిపిస్తోంది. పైన మిమ్మల్ని వద్దన్నది బయలుదేరే వారంలో, ఇప్పుడైతే లెక్క తిరగబడుతుంది. నెగటివ్ వస్తే తునకలు లేవని తేలి, రేవు దగ్గరి పరీక్ష గురించిన బెంగ పోతుంది. పాజిటివ్ వస్తే, జులై 9 నాటికి పది రోజులు దాటిన రిపోర్టు ఒకటి చేతికి వస్తుంది. మే నెలలో జబ్బు వచ్చి తగ్గిందన్న చరిత్ర డాక్టరుకు ఉన్నదున్నట్లు చెప్పి లేఖ తీసుకోవచ్చు. ఈ రెండో సందర్భంలో మాత్రం, పాత జబ్బు తాలూకు పాజిటివా, కొత్తగా అంటుకున్నదా అన్నది డాక్టరే తేల్చాలి. ఆయనకు జ్వరం, దగ్గు లాంటివి ఏవైనా ఉంటే కొత్తదిగానే భావించి ఇంట్లో ఉండాలి.

చివరగా, లేఖ ఉంది కదా అని లక్షణాలను దాచకండి. ఒమిక్రాన్ ఒకసారి వచ్చినవారికి మళ్లీ రావడం చూస్తున్నాం. ఆ లేఖ ఏ లక్షణాలూ లేనివారికి మాత్రమే పనికివస్తుంది. ఎక్కేముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నావళిలో దగ్గు ఉంటే ఉందని రాయాలి. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిపివేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉంటే, 712 మందికి వ్యాధి సోకింది. వారిలో మన దేశపు సిబ్బందీ ఉన్నారు. మూసి ఉన్న గదులు, ఒకే భోజనశాల, అరవై దాటిన ప్రయాణికులు ఎక్కువమంది ఉండే చోట ఒక్కరు నిజం చెప్పకపోతే ఎందరికి కష్టమో ఆ ఓడ చూపింది. బీపీ ఉన్న మీ వారికి ఆ గుంపులో మాస్కు తప్పనిసరి అనే నేను చెబుతాను, ఓడవారు అడిగినా అడగకపోయినా.

ఇంకో మాట: మీవి భారత పాస్‌పోర్టులు కనుక ఓడ కెనడాలో కొన్ని గంటలే ఆగినా కెనడా వీసా కావాలి. కోవిడ్ కాగితాల హడావుడిలో దీన్ని మరిచి ఇబ్బంది పడుతున్నవారున్నారు, ఇవాళే అల్లుడుగారిని అడగండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. జనవరి 20న నాకు కోవిడ్ వచ్చింది, ల్యాబు రిపోర్టు, డాక్టరు లేఖ రెండూ ఉన్నాయి. జులై మొదటి వారంలో స్నేహితులతో గాల్వెస్టన్ నుంచి మెక్సికో వైపు క్రూజ్‌కు వెళుతున్నాను. ఆ లేఖ చెల్లుతుందా?
– ఒక విద్యార్థి, టెక్సాస్

జవాబు: చెల్లదు. మీ 90 రోజులు ఏప్రిల్ 20తో ముగిశాయి. పాత రిపోర్టు మీద కొత్త తేదీతో డాక్టరు చేత మరో లేఖ రాయించినా ప్రయోజనం లేదు, ఎందుకంటే లెక్కించేది రిపోర్టు తేదీనే. కోవిడ్ రానివారిలాగే మీరూ పరీక్ష చేయించుకుని వెళ్లాలి. కంపెనీ రెండింటినీ అంగీకరిస్తే యాంటిజెన్ ఎంచుకోండి. ఇన్ని నెలల తర్వాత పాత తునకలు పట్టుబడే అవకాశం బాగా తక్కువే గాని, యాంటిజెన్ ఫలితం పదిహేను నిమిషాల్లో తెలుస్తుంది, పీసీఆర్ రిపోర్టు సెలవురోజుల్లో సమయానికి రాకపోవచ్చు. యాంటీబాడీ రక్తపరీక్ష రిపోర్టును మాత్రం తీసుకువెళ్లకండి, దానిని దేనికీ లెక్కలోకి తీసుకోరు. పాజిటివ్ వస్తే డబ్బు తిరిగి ఇస్తారా, మరో తేదీకి మారుస్తారా అన్నది టిక్కెట్టు షరతుల్లో ఇప్పుడే చదివి ఉంచుకోండి. స్నేహితులందరూ ఒకే గది తీసుకుని ఉంటే, ఒకరికి పాజిటివ్ వచ్చినప్పుడు మిగతావారిని కూడా దగ్గరగా మెలిగినవారిగా చూస్తారని తెలుసుకోండి.

ప్రశ్న: ఈ నెల 8న మా విశాఖ రేవుకు క్రూజ్ ఓడ వచ్చింది. ఏప్రిల్‌లో కోవిడ్ వచ్చి తగ్గిన నేను అలాంటి ఓడ ఎక్కాలంటే 90 రోజుల లేఖ పనికివస్తుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ 90 రోజుల లేఖ అమెరికా పద్ధతి. చెన్నై, విశాఖ, ముంబయి రేవుల మధ్య తిరిగే ఓడలకు అది వర్తించదు. మన దేశంలో ఓడ నడిపే సంస్థతోపాటు, ఓడ ఆగే ప్రతి రాష్ట్రమూ తన షరతులు పెట్టవచ్చు. జనవరి మొదటి వారంలో ముంబయి నుంచి గోవా చేరిన ఓడలో 66 మందికి పాజిటివ్ అని తేలినప్పుడు ప్రయాణికులు గోవాలో దిగకముందే పరీక్షలు ఎదుర్కోవలసి వచ్చింది. కాబట్టి టిక్కెట్టు కొనే ముందే, కోలుకున్నవారి పీసీఆర్ పాజిటివ్‌గా వస్తే ఏం చేస్తారని సంస్థను ఈమెయిల్‌లో అడిగి, జవాబును అచ్చు తీసి దగ్గర ఉంచుకోండి. ఫోన్లో చెప్పిన మాట రేవు దగ్గర ఎవరికీ గుర్తుండదు. మీ ఏప్రిల్ రిపోర్టును, వ్యాక్సిన్ సర్టిఫికెట్‌ను కూడా వెంట తీసుకువెళ్లండి. మీకు పరీక్ష తప్పకపోయినా, పాజిటివ్ ఎందుకు వచ్చిందో అక్కడి డాక్టరుకు చెప్పడానికి ఆ రిపోర్టే ఆధారమవుతుంది.