జర్మనీ బ్రిటిష్ క్యాంపు నోటు: లిస్టులో ఎందుకు దొరకట్లేదంటే

మీ దగ్గరున్న బ్రిటిష్ వన్ పౌండ్ నోటు ఫోటో పంపి, ఇది బ్రిటన్ నోట్ల లిస్టులో ఎందుకు లేదని అడిగారు. కారణం, అది బ్యాంకు నోటు కాదు, ఆర్మీ వోచర్, అంటే బ్రిటిష్ సైన్యం తన సైనికుల కోసం అచ్చేసిన కూపన్. అందుకే రాజు బొమ్మ లేదు, బ్యాంకు పేరూ లేదు. జర్మనీలో ఉన్న సైనికుడి ఆల్బంలో దొరికిందన్నారు కదా, సరిగ్గా సరిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడ సిగరెట్టే డబ్బు. సైనికులు తమ సిగరెట్లు జర్మన్లకి అమ్మి మార్కులు (అప్పటి జర్మన్ డబ్బు) తీసుకుని వాటిని పౌండ్లుగా మార్చుకునేవాళ్ళు, ఆ నష్టం బ్రిటన్ ఖజానా మీద పడింది, దాంతో 1946లో ఈ వోచర్లు తెచ్చారు. బ్యారక్స్‌లో నాఫీ క్యాంటీన్‌లో (బ్రిటిష్ సైనికుల కోసం నడిచే క్యాంటీన్) టీ, బీరు, సబ్బు, బ్లేడు కొనాలంటే ఇవే ఇవ్వాల్సి వచ్చేది, బయట జర్మన్ షాపులో చెల్లేవి కావు.

ఇప్పుడు ఇలా చేయండి:

1. నోట్ల కేటలాగ్‌లో బ్రిటన్ కింద మిలిటరీ సెక్షన్ తీయండి, నంబర్ల ముందు ఎం అక్షరం ఉంటుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: సిరీస్ చూడండి, అంటే ఎన్నో విడతలో అచ్చయిందో. మీ ఫోటోలో అది రాసి ఉన్న భాగం మీద వెలుతురు పడి కనబడట్లేదు, నోటుని కొంచెం పక్కకి వంచి మళ్ళీ తీయండి. నాలుగో సిరీస్ అయితే వాడకుండా మిగిలిపోయిన కట్టలు తర్వాత కలెక్టర్లకి వచ్చేశాయి, కొత్తగా ఫెళఫెళలాడుతున్నా ధర తక్కువే. మొదటి సిరీస్ అయితే, నిజంగా చేతులు మారి నలిగినదైతే, జాగ్రత్తగా దాచండి.

3. ఇస్త్రీ చేయొద్దు, టేప్ వేయొద్దు.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కి పంపకండి, వాళ్ళు మార్చరు.