అమ్మాయి ఎండీ చేసింది, ఇప్పుడు బిల్లింగ్ కోర్సు అంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఎండీ జనరల్ మెడిసిన్, అల్లుడు మత్తు డాక్టరు. మూడేళ్ళు పెద్ద ఆస్పత్రిలో జీతానికి పనిచేసి, ఈమధ్యే ఒంగోలులో 20 పడకల ఆస్పత్రి లీజుకు తీసుకున్నారు. ఇప్పుడు అమ్మాయి ‘బిల్లింగ్ నేర్చుకోవాలి నాన్నా’ అంటోంది. మెడికల్ కోడింగ్‌లో (చేసిన వైద్యాన్ని బిల్లు కోసం కోడ్ నంబర్లుగా మార్చే పని) సీపీసీ సర్టిఫికెట్ మంచిదా, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా మంచిదా? ఏదో ఒకదానికి నేనే ఫీజు కడదామనుకుంటున్నాను. మా తమ్ముడి కొడుకు బీఫార్మసీ చేసి హైదరాబాద్‌లో కోడింగ్‌లో ఉన్నాడు, మంచి డిమాండ్ అంటాడు. ఇంత చదివించింది గుమస్తా పనికా అని నాకు నిద్ర పట్టడం లేదు.
- ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. వైద్యం మీద విసుగు పుట్టి అమ్మాయి బిల్లుల వైపు మళ్ళుతోందని మీ భయం. పిల్లలు సొంత ఆస్పత్రి పెట్టిన ఏడాదిలోపే తల్లిదండ్రుల నుంచి ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా వస్తుంటాయి. జీతానికి పనిచేసినన్నాళ్ళూ డాక్టరు రౌండ్స్ ముగించుకుని ఇంటికి పోవచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పాసైందా, ఆగిందా అన్నది కింది అంతస్తులో ఇంకెవరి తలనొప్పో. లీజు తీసుకున్న నెల నుంచి నర్సుల జీతాలు, ఆక్సిజన్ బిల్లు, మందుల డిస్ట్రిబ్యూటరు బాకీ అన్నీ ఆ క్లెయిముల మీదే నడుస్తాయి. అది తెలిసొచ్చింది కాబట్టే అడుగుతోంది. వైద్యం వదిలేద్దామనుకునే మనిషి ఈ బరువు నెత్తికెత్తుకోదు.

ఇక కోర్సులు. సీపీసీ పరీక్ష, ఫీజు వివరాలు మీ తమ్ముడి కొడుకు దగ్గరే ఉంటాయి, నేను వదిలేస్తున్నాను. అందులో నేర్పేవి చేసిన వైద్యానికి వేసే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి సీపీటీ కోడ్లు, జబ్బులకు అమెరికాలో వాడే ఐసీడీ-10-సీఎం కోడ్లు, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నిబంధనలు. పాత పేషెంటు ఓపీకి వస్తే 99213 కోడ్ వేయాలా, అంతకంటే పై స్థాయి 99214 వేయాలా అన్నది అక్కడ డాక్టరు రాసిన నోట్సే తేలుస్తుంది. 2021 నుంచి వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమైనదో, లేదా ఆ రోజు ఆ పేషెంటుకు ఎంత సమయం పెట్టారో చూసి కోడ్ వేస్తున్నారు. తక్కువ వేస్తే ఆదాయం పోతుంది, ఎక్కువ వేస్తే ఆడిట్‌లో పట్టుబడతారు. మీ అమ్మాయి టెక్సాస్‌లో ప్రాక్టీసు చేస్తుంటే ఇవన్నీ నేర్చుకోమనే చెప్పేవాణ్ణి. ఒంగోలులో ఆ పుస్తకం తెరిచే పనే పడదు.

కోడింగ్ గురించి నాకున్న అనుమానాలు కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఈమధ్య నీట్ పీజీతో విసిగిన ఎంబీబీఎస్ పిల్లలు కూడా ఇదే అడుగుతున్నారు. అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద రాసినంత కాకపోయినా ఉద్యోగాలున్న మాట నిజమే. బీఎస్సీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ చదివినవాళ్ళు చాలామంది అందులో నిలదొక్కుకున్నారు. డాక్టరు విషయం వేరు. అయిదున్నరేళ్ళు నేర్చుకున్నదంతా పక్కన పెట్టి, ఇంకో దేశపు డాక్టరు రాసింది చదివి, గంటకు ఇన్ని చార్టులన్న టార్గెట్ అందుకోవాలి. పైగా తేలికపాటి చార్టులకు సాఫ్ట్‌వేరే కోడ్ వేసేస్తోంది. మనుషులకు మిగిలేది చిక్కు కేసులు, ఆడిట్. వాటికి అనుభవం కావాలి. ఆ అనుభవం తెచ్చిపెట్టే తేలిక పనే తగ్గిపోతోంది. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకోటి. రెండు మూడేళ్ళు పేషెంటును ముట్టుకోని డాక్టరు మళ్ళీ వార్డులో అడుగు పెట్టాలంటే జంకుతారు. అలసిపోతే ఓ ఆర్నెల్లు విశ్రాంతి తీసుకోండి గానీ, దానికి కెరీర్ అని పేరు పెట్టుకోవద్దని ఆ పిల్లలకు చెబుతుంటాను.

హాస్పిటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా 200 పడకలు నడిపేవాళ్ళకు ఉపయోగం. 20 పడకలకు ఇప్పుడే అక్కర్లేదు. మీరడిగిన పోలిక ఇంతటితో సరి.

అమ్మాయి నేర్చుకోవాల్సింది వాళ్ళ ఇన్సూరెన్స్ డెస్క్‌లోనే ఉంది. ఓపీ అయ్యాక రోజూ గంటసేపు, ఒక నెలపాటు అక్కడ కూర్చోమనండి. పాత రిజెక్షన్ లెటర్లన్నీ ముందు పెట్టుకుని, ఏది ఎందుకు పోయిందో చూడమనండి. జనరల్ మెడిసిన్‌లో ఒక కారణం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: ‘ఈ పేషెంటును ఓపీలోనే చూడొచ్చు, కేవలం పరీక్షల కోసం చేర్చుకున్నారు’. పరీక్షల కోసమే చేరితే పాలసీ వర్తించదన్నది మామూలు నిబంధనే. కానీ చాలాసార్లు జరిగేది ఏమిటంటే, ఆ రాత్రి పేషెంటు వాంతులతో, బీపీ పడిపోయి వచ్చి ఉంటాడు. కేస్ షీట్‌లో మాత్రం డ్యూటీ డాక్టరు ‘ఫీవర్ ఫర్ ఎవాల్యుయేషన్’ (జ్వరం, కారణం చూడాలి) అని రాసి ఊరుకుంటాడు. ఎందుకు చేర్చుకున్నారు, నోటి మందులు ఎందుకు సరిపోవు, సెలైన్ ఎందుకు పెట్టారు అన్నది రెండు వాక్యాల్లో రాసి ఉంటే ఆ క్లెయిమ్‌కు దారి ఉండేది. ఆ రెండు వాక్యాలు ఏ గుమస్తా రాయలేడు. అవి వైద్యం తెలిసినవాళ్ళే రాయాలి.

షుగరు సంగతి ఇంకా సున్నితం. ‘ఎన్నాళ్ళ నుంచి?’ అంటే పెద్దాయన ‘ఎప్పట్నించో ఉందమ్మా’ అంటాడు. డ్యూటీ డాక్టరు 10 ఏళ్ళని రాసేస్తాడు. పాలసీ తీసుకుని మూడేళ్ళే అయితే జబ్బు దాచారని కంపెనీ పట్టుకుంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) మూడేళ్ళకు మించకూడదు. అయిదేళ్ళు వరసగా పాలసీ కట్టాక, మోసమని రుజువైతే తప్ప, దాచారన్న సాకుతో క్లెయిమ్ ఆపకూడదు. అయినా ఆ 10 అంకె తెచ్చే చిక్కు పోదు. పాత ప్రిస్క్రిప్షన్లు తెప్పించి చూసి, ఉన్నదున్నట్టు రాయాలి. రోగిని కాపాడదామని ఏళ్ళు తగ్గించి రాసినా తప్పే, అది డాక్టరు రిజిస్ట్రేషన్‌కే ముప్పు తెస్తుంది.

రూము అద్దె లెక్క కూడా తెలియాలి. పాలసీలో రోజుకు 3,000 అర్హత ఉన్న పేషెంటు 6,000 రూములో చేరితే, చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, నర్సింగ్ చార్జీల్లాంటివి కూడా సగమే ఇస్తారు. మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు ఆ కోత వేయకూడదు. చేరే రోజే ఈ మాట చెప్పకపోతే, డిశ్చార్జి రోజు కౌంటరు దగ్గర గొడవ అమ్మాయి మీదికే వస్తుంది. డిశ్చార్జి ఆమోదం మూడు గంటల్లో ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024లోనే చెప్పింది. అయితే ఆ గడియారం ఆస్పత్రి కాగితాలు పంపాకే మొదలవుతుంది. సమ్మరీ సాయంత్రం దాకా రాయకుండా కంపెనీని తిట్టి లాభం లేదు.

ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) చేద్దామనుకుంటే ఆ లెక్క వేరే. ప్యాకేజీలోనే పరీక్షలు, మందులు, భోజనం అన్నీ కలిసి ఉంటాయి, పేషెంటు దగ్గర పైసా తీసుకోకూడదు. డబ్బు ఆలస్యంగా రావచ్చు. బకాయిల కోసం నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. కొన్ని నెలలు చేతి డబ్బుతో నడపగలమా అని అమ్మాయీ అల్లుడూ కూర్చుని లెక్క వేసుకోవాలి. టీపీఏలు (ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిములు చూసే సంస్థలు) చెల్లించేటప్పుడు ముందే కోసే ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్ కూడా ఆ లెక్కలో ఉండాలి. దాన్ని చార్టర్డ్ అకౌంటెంటు చూస్తాడు, కానీ ఏం అడగాలో అమ్మాయికి తెలియాలి.

ఇప్పుడు మీతో ఒక మాట, కోపగించుకోకండి. సొంతంగా ఆస్పత్రి నడుపుతున్న ఎండీ డాక్టరుకు కోర్సు ఎంపిక చేయడానికి మీరు బయల్దేరారు. ఏం నేర్చుకోవాలనుకుంటోందో, ఏ క్లెయిమ్ దగ్గర దెబ్బ తిన్నదో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? ‘గుమస్తా పని’ అన్న మాట ఆమె ముందు మాత్రం అనకండి. మీ ఊళ్ళో బిల్లు మీద నమ్మకంతో పేషెంటు మళ్ళీ వచ్చే ఆస్పత్రులు ఎన్నున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఫీజు కోసం తీసిపెట్టిన డబ్బుంటే, పెద్ద ఆస్పత్రి టీపీఏ డెస్క్‌లో పనిచేసిన అనుభవజ్ఞుణ్ణి మూడు నెలలు పార్ట్‌టైమ్‌గా పెట్టుకోమని చెప్పండి. అమ్మాయి అతని పక్కన కూర్చుని నేర్చుకుంటుంది, డెస్క్ కుర్రాళ్ళూ నేర్చుకుంటారు.

మీ తమ్ముడి కొడుక్కి మాత్రం సీపీసీ సరిపోయే దారే. ఇంకా సర్టిఫికెట్ తీసుకోకపోతే తీసుకోమనండి, ఆడిట్ వైపు వెళ్ళే ప్రయత్నం ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి.