లెక్కలో నిలిచిన బోల్టు టెస్టు రిగ్గులో ఎందుకు తెగింది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ప్రాజెక్టు కోసం చేసిన లగ్ (పిన్ను లేదా బోల్టు దూర్చే రంధ్రమున్న చెవిలాంటి భాగం) జాయింటులో 12.9 గ్రేడు బోల్టు, లెక్క ప్రకారం రావలసిన భారానికి మూడు రెట్లు మోయగలదు. అయినా రిగ్గులో పెరుగుతూ తగ్గుతూ ఉండే భారానికి నట్టు దగ్గర తెగిపోయింది. కనుక ఇంకా గట్టి స్టీలు వాడాలా, లగ్ మందం పెంచాలా? విశాఖలో, ఉప్పుగాలి తగిలే హ్యాంగరులో విమాన భాగాల తనిఖీ చాలాకాలం చేసిన వాడిగా నా సలహా, ముందు ఆ రెండు ఆలోచనలూ పక్కన పెట్టమనే.

నట్టులోని మరలన్నీ భారాన్ని సమానంగా పంచుకోవు. నట్టు ఆనే ముఖం పక్కనున్న మొదటి మరే దాదాపు మూడో వంతు మోస్తుంది, పైగా ఆ మర అడుగునున్న సన్నని గాడి ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. విప్పిన స్టీలు బోల్టులను అయస్కాంతీకరించి, ఫ్లోరొసెంట్ పొడి కలిపిన ద్రవం పోసి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద నెమ్మదిగా తిప్పి చూసేవాళ్లం. పగులుంటే మర అడుగు వెంబడి వెంట్రుకంత పచ్చని గీత మెరిసేది. అది ఈ మొదటి మర దగ్గరో, మరలు ముగిసే చోటో, తల కింది వంపులోనో కనిపించేదే తప్ప, నున్నటి కాడ మధ్యలో చూసినట్లు నాకు గుర్తు లేదు.

గట్టి స్టీలు విషయానికి వస్తే, సాధారణ యంత్రాల బోల్టులకు వాడే జర్మన్ మార్గదర్శకం వీడీఐ 2230 ప్రకారం, మరలు రోల్ చేశాక (కోయకుండా నొక్కి ఏర్పరచాక) హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ఎం10 (10 మి.మీ. వ్యాసం) బోల్టు ఓర్చుకునే ఒత్తిడి ఆంప్లిట్యూడ్ (సగటునుంచి అటూ ఇటూ ఊగే మేర) సుమారు 50 మెగాపాస్కళ్లే. తన్యబలం (లాగినప్పుడు తెగే ముందు ఓర్చుకునే గరిష్ఠ ఒత్తిడి) 800 మెగాపాస్కళ్లు ఉన్న 8.8 గ్రేడుకూ, 1200 ఉన్న 12.9 గ్రేడుకూ అదే అంకె. విమానాల బోల్టులకు హీట్ ట్రీట్‌మెంట్ తరువాత మరలు రోల్ చేసి, గాడి అడుగును మరింత గుండ్రంగా ఉంచేది ఇందుకే.

అంతకన్నా ముఖ్యం బిగింపు. సరిగా బిగించిన జాయింటులో ఊగే భారంలో కొంత భాగమే బోల్టుకు చేరుతుంది. బిగువు సడలితే మొత్తం దానిమీదే పడుతుంది. మనం పెట్టే టార్కులో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది, మిగిలినదంతా ఘర్షణకే పోతుంది కనుక, గ్రీజు రాసిన మరకూ పొడి మరకూ ఒకే టార్కు పెడితే వచ్చే బిగువు ఒకటి కాదు. చేతి అంచనాతో బిగించే పాతకాపు మెకానిక్కుల మీద నాకు గౌరవం ఉంది గాని, ఇక్కడ మాత్రం వారిని నమ్మను.

ఇక లగ్‌కు ఆ బిగింపు రక్షణ కూడా లేదు. పిన్ను రంధ్రం గోడను ఒరుసుకుంటూ సూక్ష్మంగా కదులుతుంది, ఆ ఒరిపిడి చోటే పగులు పుడుతుంది. సాధారణంగా అది భారం దిశకు అడ్డంగా, రంధ్రం పక్కలనుంచి బయటికి సాగుతుంది. అల్యూమినియం లగ్ అయితే బుష్ (రంధ్రంలో దించే లోహపు గొట్టం) అంచున నల్లని పొడి, స్టీలైతే ఎర్రటి పొడి చేరుతుంది. మన ఊళ్లో ఆ ఎర్రపొడిని ఉప్పుగాలి తుప్పేలే అనుకుని తుడిచేయడం చాలా సులభం. మందం పెంచితే పిన్ను వంగి, భారం లగ్ అంచులకే చేరుతుంది కనుక, మందానికి తగ్గ లాభం రాదు. రంధ్రం కన్నా కాస్త పెద్ద బుష్‌ను బిగుతుగా దించడం, రంధ్రాన్ని కోల్డ్ ఎక్స్‌పాన్షన్‌తో (వేడి చేయకుండానే కాస్త పెద్ద పనిముట్టును లాగి) సాగదీయడం మేలు. 1992 అక్టోబరు 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎల్ అల్ 747 కార్గో విమానం ఇంజను ఊడి కూలడానికి మూలం కూడా పైలాన్‌ను (ఇంజనును రెక్కకు వేలాడదీసే భాగాన్ని) పట్టి ఉంచే ఫ్యూజ్ పిన్నులోని (భారం మితిమీరితే తెగేలా చేసిన పిన్నులోని) ఫెటీగ్ పగులే, అంటే భారం పదేపదే మారడంతో పుట్టిన పగులే.

తెగిన ముక్కను పారేయకండి. తెగిన ముఖం మీది నున్నటి భాగంలోని వంపు గీతలు ఒక పక్కనుంచే మొదలైతే బోల్టు వంగుతోందని అర్థం. అప్పుడు నట్టు ఆనే ముఖం బోల్టుకు లంబంగా ఉందో లేదో ముందు కొలవండి. చుట్టూరా మొదలైతే బిగింపునే అనుమానించండి.