కీ తెలిసింది సరే, బేస్ ఎటు నడవాలి?

ప్రశ్న: కర్నూలులో మా చర్చి క్వైర్‌కు బేస్ గిటార్ వాయిస్తున్నాను. సంగీత శాస్త్రం నేర్చుకోలేదు. పాట ఏ కీలో (ఏ స్వరం ఆధారంగా) ఉందో, ఏ కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వస్తాయో చెబితే ఆ కార్డు పేరున్న స్వరాన్ని మాత్రం పట్టుకుని వాయించగలను. అంతకు మించి ప్రయత్నిస్తే పాటకు అడ్డం పడినట్టు ఉంటోంది. స్కేళ్లన్నీ కంఠస్థం చేయకుండా అప్పటికప్పుడు సొంతంగా బేస్ లైన్ అల్లుకోవడం సాధ్యమా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సాధ్యమే. పైగా మీరు ఇప్పుడు చేస్తున్న పనే దానికి పునాది. కార్డు మారిన క్షణంలో దాని మూలస్వరాన్ని, అంటే కార్డు పేరున్న స్వరాన్ని, నాలుగు బీట్ల తాళంలో సరిగ్గా మొదటి బీటు మీద, డ్రమ్మర్ కాలితో కొట్టే కిక్‌తో కలిపి వాయించగలిగితే, మిగిలిన మూడు బీట్లలో మీరు చేసే చిన్నచిన్న సాహసాలను వినేవారు సంతోషంగా అంగీకరిస్తారు. ఆ మొదటి బీటు తప్పితే ఎంత శాస్త్రం తెలిసినా పాట కుంటుతుంది.

బేస్ మీద ఈ (E), ఏ (A), డి (D), జి (G) తీగల మధ్య దూరం అంతటా ఒక్కటే కనుక, ఒక చోట నేర్చుకున్న వేళ్ల అమరికను పైకో కిందికో జరిపితే ఏ కీకైనా సరిపోతుంది. మామూలు గిటారుకు ఈ సౌకర్యం పూర్తిగా లేదు. మూలస్వరం నుంచి పక్కనున్న సన్నతీగకు మారి రెండు ఫ్రెట్లు (మెడ మీది అడ్డగడులు) ముందుకు వెళితే పంచమం (అయిదో స్వరం), రెండు తీగలు దాటి రెండు ఫ్రెట్లు ముందుకు వెళితే పై స్థాయిలో అదే మూలస్వరం దొరుకుతాయి. పంచమం మేజర్ కార్డుకూ మైనర్ కార్డుకూ ఒకటే కాబట్టి తొలిరోజుల్లో దాన్ని నమ్ముకోండి. గాంధారం (మూడో స్వరం) అలా కాదు: మేజర్ అయితే మూలస్వరానికి నాలుగు ఫ్రెట్లు, మైనర్ అయితే మూడు ఫ్రెట్లు ఎత్తున ఉంటుంది, అక్కడ పొరపాటు జరిగితే హాలంతా వినిపిస్తుంది.

ఇక అసలు విషయం నాలుగో బీటులో ఉంది. రాబోయే మూలస్వరానికి ఆనుకుని ఉన్న స్వరాన్ని ఆ బీటు మీద వాయించి అక్కడి నుంచి దిగడం లేదా ఎక్కడం అలవాటైతే, మీ లైన్ దానంతట అదే నడక నేర్చుకుంటుంది. జి కీలో జి, ఈ మైనర్, సి, డి అనే వరుస వచ్చిందనుకుందాం. జి మీద జి, జి, డి, ఎఫ్ షార్ప్ వాయించి ఈకి దిగండి. ఈ మైనర్ మీద ఈ, ఈ, జి, బి వాయిస్తే ఒక్క ఫ్రెట్టు పైన సి సిద్ధంగా ఉంటుంది. సి మీద సి, సి, జి తరువాత సి షార్ప్ వాయించండి. అది జి కీలో లేని స్వరం. అయినా చివరి బీటులో మెరిసి వెంటనే డిలో కలిసిపోతుంది కనుక చెవికి తప్పుగా అనిపించదు. డి మీద డి, డి, ఏ, ఎఫ్ షార్ప్ వాయిస్తే మళ్లీ జి దగ్గరికి చేరతారు. పాటకు అడ్డం పడుతున్నానని మీరు రాసిన ఇబ్బంది, నా అనుమానం ప్రకారం, కీలో లేని స్వరాల వల్ల వచ్చింది కాదు. గమ్యం లేని స్వరాల వల్ల, లేదా గాయకులు పాడుతున్నప్పుడే మీరూ సంచారం చేయడం వల్ల వచ్చింది. వారు ఊపిరి తీసుకునే చోట కదలండి.

మీ వంటి బృందాల్లో తరచు ఎదురయ్యే చిక్కులు మరి రెండున్నాయి. కీబోర్డు వాద్యకారుడు ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి వాయిస్తుంటే అతని వేళ్లు సి చూపిస్తాయి, శబ్దం మాత్రం డి వస్తుంది. గిటారిస్టు రెండో ఫ్రెట్టులో కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే బిగింపు) బిగిస్తే అతని జి నిజానికి ఏ (A) అవుతుంది. కాబట్టి చేతులను చూసి అనుసరించకుండా, పాట మొదలయ్యే ముందే అసలు కీ అడిగి తెలుసుకోండి. కార్డుల కాగితంలో జి పక్కన గీత గీసి బి అని రాసి ఉంటే, ఆ గీత తరువాతి అక్షరం మీ కోసమే: మిగిలినవారు జి కార్డు వాయిస్తుండగా మీరు బి వాయించాలి. (మన వైపు పౌరాణిక నాటకాల హార్మోనిస్టు ఎవరైనా మీతో కూర్చుంటే, ఆయన చెప్పే ఒకటి శ్రుతి సి అని, అయిదు శ్రుతి జి అని గుర్తుంచుకోండి.)

ప్రశ్న: కొంతకాలం కర్ణాటక గాత్రం నేర్చుకుని, ఇప్పుడు బేస్ గిటార్ మొదలుపెట్టాను. మేజర్ కీలో ఉన్న ఏ పాటకైనా మోహన రాగ స్వరాలు వాయిస్తే తప్పు రాదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: సోలో వాయించే గిటారుకు ఆ మాట చాలావరకు చెల్లుతుంది, బేస్‌కు చెల్లదు. జిని షడ్జంగా (స) పెట్టుకున్న మోహనంలో మధ్యమం లేదు, అంటే సి లేదు. పాట సి కార్డుకు మారిన మరుక్షణం మీకు కావలసిన మొట్టమొదటి స్వరమే మీ రాగంలో ఉండదు. దీనికి చక్కని ఉపాయం ఉంది. మేజర్ కార్డు వచ్చినప్పుడల్లా ఆ కార్డు మూలస్వరాన్నే షడ్జం చేసుకుని మోహనం, మైనర్ కార్డు వచ్చినప్పుడు అదే పద్ధతిలో శుద్ధ ధన్యాసి రాగం వాయించండి. జి కీలో జి, సి, డి మేజర్ కార్డులు, ఏ, బి, ఈ మైనర్ కార్డులు. ఈ ఆరింటి మీదా అలా వచ్చే స్వరాలన్నీ జి మేజర్‌లోనివే, అంటే మీరు నేర్చుకున్న శంకరాభరణంలోనివే. మోహనంలో ధైవతాన్ని షడ్జం చేస్తే శుద్ధ ధన్యాసి వస్తుందని గ్రహభేదం పాఠంలో మీరు వినే ఉంటారు. జి మేజర్‌కూ ఈ మైనర్‌కూ ఉన్న చుట్టరికం అదే. గమకాలను మాత్రం బేస్ మీద పొదుపుగా వాడండి.

ప్రశ్న: ఇంట్లో యాంప్లిఫైయర్ లేదు. చిన్న బ్లూటూత్ స్పీకరుతో సాధన చేయవచ్చా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దు. మీ లావు తీగను ఊరికే మీటితే సెకనుకు సుమారు 41 కంపనాలు వస్తాయి. అరచేతిలో పట్టే స్పీకరు అంత మంద్రాన్ని సరిగా పలికించలేదు, మీకు వినిపించేది చాలావరకు దాని పైస్వరాలే. బ్లూటూత్‌లో శబ్దం కొద్దిగా ఆలస్యంగా వస్తుంది కనుక మీ తాళం కూడా చెడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న యాంప్లిఫైయర్ ఒకటి కొని, తీగ ఉన్న హెడ్‌ఫోన్‌తో సాధన చేయండి. అదే హెడ్‌ఫోన్‌తో ఇళయరాజా పాటల్లో బేస్ ఒక్కదాన్నే వెంబడిస్తూ వినండి, పల్లవిలో ఎంత ఆగుతుందో, కార్డు మారే ముందు ఏ వైపు నుంచి వస్తుందో కాగితం మీద రాసుకోండి.