గ్రౌండ్ సరే, సైకిళ్లు దింపేదెక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి ఫోన్‌లో సైకిల్ పోలో వీడియోలు చూస్తుంటాడు, సైకిల్ తొక్కుతూ కర్రతో బంతి కొట్టే ఆట. ఒకదాంట్లో పెద్ద గడ్డి మైదానంలో ఆడుతున్నారు, ఇంకోదాంట్లో సిమెంటు కోర్టులో ముగ్గురేసి ఆడుతున్నారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వంశం ఒకటే, కాపురాలు వేరమ్మా. గడ్డి మీది ఆట పాతది, 1891లో ఐర్లండ్‌లో రిచర్డ్ మెక్‌రెడీ అనే ఆయన మొదలుపెట్టాడు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఆటగా కూడా ఆడించారు. మన దేశంలో దానికి ఫెడరేషన్ 1966లో వచ్చింది, మనవాళ్లు నేషనల్స్ అని పెట్టే జాతీయ పోటీలు ఈ ఆటవే. సిమెంటు కోర్టు ఆట అమెరికాలోని సియాటిల్‌లో పుట్టిన కుర్రది. హ్యాండ్‌బాల్ కోర్టంత చోటు చాలు, కాలు నేలకి ఆనిందంటే వెళ్లి కోర్టు అంచున ఉండే గుర్తును తట్టి వచ్చేదాకా బంతి ముట్టుకోకూడదు. మీవాడు సరదాకి ఆడుకోవాలంటే రెండోదే నయం.

ప్రశ్న: నేను బడిలో పీఈటీని. సైకిల్ పోలో నేషనల్స్ ఒకసారి మా ఒడిశా వైపు పెట్టించమని అడుగుదామనుకుంటున్నాం. పర్లాకిమిడిలోనే పెట్టాలని నా పట్టుదల, బరంపురం అయితేనే కుదురుతుందని మా కమిటీలో సగం మంది. మాకు పెద్ద ఖాళీ గ్రౌండ్ ఉంది. వాళ్లేమో గ్యాలరీ ఉన్న స్టేడియం చూపిస్తున్నారు. మొహమాటం లేకుండా చెప్పండి.
– ఒక మాస్టారు, పర్లాకిమిడి

జవాబు: మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్పేస్తున్నా మాస్టారూ, బరంపురమే. మీ గ్రౌండ్ బాగాలేదని కాదు, గ్రౌండ్ వరకూ చూస్తే మీదే పైచేయి. ఈ ఆటకి పూర్తి కొలత 150 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, ఎంత తగ్గించినా 120కి 80 ఉండాలి. స్టేడియం అనగానే అందరూ సరిపోతుందనుకుంటారు గానీ 400 మీటర్ల ట్రాక్ లోపలి జాగా వెడల్పు 73 మీటర్లే, పైగా రెండు కొసలూ గుండ్రం, ఇక మూలలు ట్రాక్ మీదికి పోవాల్సిందే, అది సింథటిక్ ట్రాక్ అయితే దాని మీద సైకిళ్లు ఎవరు తిప్పనిస్తారు? ఫుట్‌బాల్ గ్రౌండ్ 105కి 68, అదీ చాలదు. పెద్ద క్రికెట్ గ్రౌండ్ అయితే పడుతుంది, మధ్య నుంచి బౌండరీకి ఓ 75 మీటర్లుంటే 120కి 80 ఇముడుతుంది. కాకపోతే నడిమధ్యలో పిచ్ ఉంటుంది కదా, దాని మీద టైరు గీత పడితే క్రికెట్ వాళ్లతో అయ్యే గొడవ ఒకసారి చూశాను, చాలు. కాబట్టి బరంపురం వాళ్లకి నా మాట, గ్యాలరీ మోజు వదిలేసి మీలాగే ఖాళీ మైదానం వెతుక్కోమని.

మరి బరంపురమే ఎందుకంటే, జట్లు వచ్చేది రైల్లో, సైకిళ్లతో. హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద వచ్చి మళ్లీ మీ ఊరి మీదుగా పోయే గుణుపురం లైనులోకి మారాలంటే పిల్లలూ బ్యాగులూ మారతారు గానీ లగేజీ వ్యాన్‌లో వేసిన సైకిళ్లు అంత తేలిగ్గా మారవు. ఓ చిన్న స్టేషన్‌లో రెండు నిమిషాల హాల్టులో సైకిళ్లు దింపడం చూశాను. ఒకదాని పెడల్ ఇంకోదాని చువ్వల్లో ఇరుక్కుంది, రెండు కలిపి లాగుతుండగానే బండి కూత వేసింది, మిగతా నాలుగు సైకిళ్లూ తర్వాతి స్టేషన్‌కి వెళ్లిపోయాయి. ఆ సాయంత్రమే వాళ్లకి మ్యాచ్.

రెండోది ఆసుపత్రి. 2022 డిసెంబరులో సబ్‌జూనియర్ నేషనల్స్‌కని కేరళ నుంచి నాగ్‌పూర్ వచ్చిన పదేళ్ల పాప వాంతులతో ఆసుపత్రి పాలై చనిపోయింది. తమ జట్టుకి బస, భోజనం సరిగా ఇవ్వలేదని కూడా అప్పట్లో ఆరోపణలు వచ్చాయి. తప్పెవరిదన్నది పక్కన పెట్టండి, ఆ వార్త చదివాక మాత్రం వేదిక ఎక్కడని ఎవరు అడిగినా నా మొదటి ప్రశ్న, రాత్రి రెండింటికి పిల్లకి ఒంట్లో బాగోకపోతే ఎక్కడికి తీసుకెళ్తారని. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది. మీ దగ్గర జనం తాకిడికి రూములు చాలక సగం మందిని పక్కనే పాతపట్నంలో పెడతారు, అంటే ఆట ఒడిశాలో, పడక ఆంధ్రాలో. ఏదైనా జరిగితే ఏ పోలీసులకి చెప్పాలో తేలేసరికి తెల్లారుతుంది.

నెల సంగతి. అక్టోబరు జోలికి పోకండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ మీ గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది అక్టోబరు 11న. ధనుర్మాసంలో పెట్టుకోండి. వానలుండవు, ముహూర్తాలుండవు కాబట్టి కల్యాణ మండపాలన్నీ ఖాళీ, బేరమాడితే జట్టుకో హాలు దొరుకుతుంది. సంక్రాంతి రద్దీకి ముందే ముగించాలి, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి తేదీలు జట్లకి అంతకన్నా ముందే చెప్పాలి. పొద్దున మంచుకి గడ్డి తడిగా ఉండి చక్రం జారుతుంది, తొమ్మిదికి ముందు మ్యాచ్ పెట్టకండి. గోల్స్ ఉత్తర దక్షిణాలకి వేయించండి, లేకపోతే సాయంత్రం ఎండ ఎవరో ఒకరి కళ్లలోనే కొడుతుంది.

ఇక ఖాళీ మైదానం అనగానే పల్లేరుకాయలు. ఎలా పడినా దానికో ముల్లు పైకే ఉంటుంది, కంటికి ఆనదు, టైరుకి మాత్రం తగులుతుంది. గోనెసంచి తడిపి, తాడు కట్టి, ఈ కొస నుంచి ఆ కొసకి లాగించి తిరగేసి చూడండి, గ్రౌండ్ జాతకం అందులో ఉంటుంది. ఆ మొక్కలు వానాకాలంలోనే, కాయ పట్టక ముందే పీకించాలి, ఆ తర్వాత రోలర్ వేస్తే రెండు నెలల్లో ఎలాంటి గ్రౌండైనా దారికొస్తుంది. స్టేషన్నీ ఆసుపత్రినీ అలా తెచ్చుకోలేం కదా.

మీ పట్టుదల ఊరికే పోనివ్వకండి. బరంపురానికి సరేనంటూనే, రాష్ట్ర జట్టు క్యాంప్ మాత్రం పర్లాకిమిడిలో పెట్టాలని అదే మీటింగులో మినిట్స్‌లో రాయించండి, తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు. గోనెసంచి మాత్రం మీరూ లాగించండి.