తుప్పు పట్టని లోహం ఎందుకు పగులుతుంది?

ప్రశ్న: అణు విద్యుత్ కేంద్రాల స్టీమ్ జనరేటర్లలో (రియాక్టర్ వేడితో ఆవిరి పుట్టించే పరికరాల్లో) వాడే నికెల్ మిశ్రమలోహాలు తుప్పు పట్టవంటారు, అయినా పగులుతాయనీ చదివాను. 40 ఏళ్లు పనిచేయవలసిన గొట్టం పగలదని కొద్ది నెలల పరీక్షతో ఎలా తేలుస్తారు?
– ఒక మెటలర్జీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: తుప్పు పట్టకపోవడం వేరు, పగలకపోవడం వేరు. లోహాన్ని లాగే ఒత్తిడి, దాన్ని తాకే ద్రవం, ఆ ద్రవానికి లొంగే స్వభావం, ఈ మూడూ ఒకచోట కలిస్తే పైకి నిగనిగలాడే గొట్టంలోనే, లోహం లోపలి సన్నని స్ఫటిక రేణువుల సరిహద్దుల వెంట సన్నని చీలిక లోపలికి పాకుతుంది. గొట్టాన్ని వంచినప్పుడో వెల్డింగ్ చేసినప్పుడో లోపల మిగిలిపోయిన ఒత్తిడి కూడా ఇందుకు సరిపోవచ్చు.

ఇంకొనెల్ 600 అనే నికెల్ మిశ్రమలోహం విషయమే చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలు క్లోరైడ్ ఉన్న వేడినీటిలో పగులుతుంది కనుక, 72 శాతానికి తగ్గకుండా నికెల్ ఉన్న ఈ లోహాన్ని ఎంచుకున్నారు. 155 డిగ్రీల దగ్గర మరిగే మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో, యూ ఆకారంలో వంచి బోల్టుతో బిగించిన మామూలు స్టెయిన్‌లెస్ ముక్క గంటల్లో పగులుతుంటే ఇది చెక్కుచెదరదు. అయితే 1959లో ఫ్రాన్స్‌లో కొరియు బృందం అదే లోహం 350 డిగ్రీల స్వచ్ఛమైన నీటిలో పగులుతుందని చూపింది. ఆ ఫలితాన్ని చాలామంది చాలాకాలం ఒప్పుకోలేదు. తరువాత స్టీమ్ జనరేటర్ గొట్టాలు పగిలాయి. 1991లో ఫ్రాన్స్‌లోని బుజే కేంద్రం మూడో రియాక్టర్ పాత్ర మూతకు అమర్చిన గొట్టంలోంచి నీరు కారింది. పరీక్ష కఠినంగా ఉండటం ఒక్కటే చాలదు, లోహం రేపు ఏ నీటిలో ఉండబోతుందో ఆ నీటిలోనే జరగాలి.

అందుకే ఇప్పుడు ఆటోక్లేవులో, అంటే అధిక పీడనం తట్టుకునే మూసిన పాత్రలో, బోరిక్ ఆమ్లం, లిథియం, కరిగిన హైడ్రోజన్ రియాక్టరులో ఉన్నట్టే కలిపి, 360 డిగ్రీల దగ్గర కూడా నీరు ఆవిరి కాకుండా వాతావరణ పీడనానికి 180 రెట్లకు పైగా పీడనంలో ఉంచుతారు. అందులో ముక్కను సెకనుకు దాని పొడవులో పది లక్షలో వంతు చొప్పున లాగుతారు. 20 శాతం సాగడానికే రెండు రోజులు దాటుతుంది. తెగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, చిన్న చిన్న గుంటలు కనిపించిన చోట లోహం సాగి తెగినట్టు, పటికబెల్లం పలుకుల్లా కనిపించిన చోట రేణువుల సరిహద్దుల వెంట పగిలినట్టు లెక్క.

ఇక నెలలకూ ఏళ్లకూ కుదిరే లెక్క. సాధారణంగా వాడే సూత్రం ప్రకారం 325 డిగ్రీల నుంచి 360కి పెంచితే ఇంకొనెల్ 600లో పగులు పెరిగే వేగం సుమారు నాలుగు రెట్లవుతుంది. అంటే ఏడాది పరీక్ష నాలుగేళ్లకు సమానం, నలభైకి కాదు. ముక్కను వేడి చేయకుండానే ముందుగా సాగదీసి ఒత్తిడి పెంచితే ఫలితం ఇంకా త్వరగా వస్తుంది గానీ, నా దృష్టిలో అది రెండు లోహాల్లో ఏది మెరుగో చెప్పడానికే తప్ప ఆయుష్షు లెక్కకట్టడానికి పనికిరాదు. సుమారు 30 శాతం క్రోమియం ఉన్న ఇంకొనెల్ 690, ఇంకొనెల్ 600 స్థానంలోకి వచ్చింది ఇలాంటి పోలికల బలంతోనే. మన భారజల రియాక్టర్లకైతే హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ ఇంకొలాయ్ 800 అనే మరో మిశ్రమలోహపు గొట్టాలు తయారుచేస్తుంది.

కనుక మీరడిగినట్టు ‘పగలదు’ అని ఏ ప్రయోగశాలా తేల్చి చెప్పదు. పరీక్ష నెగ్గిన గొట్టాలను కూడా, తనిఖీ కోసం రియాక్టర్ ఆపినప్పుడు ఎంపిక చేసినన్ని చొప్పున, లోపలికి ఎడ్డీ కరెంట్ ప్రోబ్ (లోహంలో విద్యుత్ ప్రవాహాలు పుట్టించి లోపాలు పసిగట్టే సాధనం) పంపి పగుళ్ల కోసం వెతుకుతూనే ఉంటారు.