అమ్మ ముఖం దగ్గర చెయ్యి ఆగిపోతోంది

ప్రశ్న: గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే పెన్ కలంకారీ నేర్చుకున్నాను. అమ్మ పోయి ఐదు నెలలైంది. పూజగదిలోకి వెళ్లబుద్ధి కావడం లేదు. అమ్మ పోలికతో అమ్మవారిని వేద్దామని కూర్చుంటే ముఖం దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. ఏటిసూతకంలో దేవుడి బొమ్మ వెయ్యకూడదని అత్తగారు అంటున్నారు.

జవాబు: ముందు అత్తగారి మాట. తల్లి పోతే పెళ్లైన కూతురికి మైల మూడు రోజులేనని, ఏటిసూతకం కర్మ చేసిన కొడుక్కేనని చాలా ఇళ్లలో పాటిస్తారు. మీ ఆనవాయితీ ఏమిటో పురోహితుణ్ణి అడిగి, ఆయనచేతే ఆవిడకు చెప్పించండి. మీరు వాదనకు దిగొద్దు. వద్దనే తేలితే సంవత్సరీకం దాకా కల్పవృక్షం, చిలకలు, తీగల అంచులు వేసుకోండి.

ముఖంతో మొదలుపెట్టడం వల్లే మీకీ అవస్థ. పోలిక కుదరకపోతే అమ్మ మళ్లీ దూరమైనట్టు ఉంటుంది. అందుకే ముఖం ఆఖరికి ఉంచండి. గుడ్డ తయారీ కూడా మీరే చేసుకోండి. కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో గాడా గుడ్డను (ముతక నూలు గుడ్డ) నానబెట్టి, పిండేసి, ఎండలో ఆరేయండి. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు, కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. కసిం, అంటే గీతలకు వాడే నల్లరంగు, కోసం కుండలో తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు వేసి మూడు వారాలు ఊరనివ్వండి. తొందరపడి ముందే తీస్తే గీత బూడిదరంగులో తేలిపోతుంది.

అది ఊరేలోగా చింతబొగ్గు పట్టండి. అంచు, అమ్మ చేతులు, చీర కుచ్చిళ్లు, ఆమె రోజూ పట్టుకున్న హారతి పళ్లెం, ఇలా ఒక్కొక్కటే గీయండి. రోజుకు 40 నిమిషాలు చాలు. బొగ్గు గీత దులిపితే పోతుంది, కసిం గీత పోదు. దుఃఖం పొంగిన రోజు కలం ముట్టుకోకండి, బొగ్గుతోనే ఉండండి. కన్నీటి చుక్క పడి తడిసిన చోట కసిం చెదిరిపోతుంది. ఆరాకే గీత వెయ్యాలి.

పూజగదిలోకి వెళ్లలేకపోతే భక్తి పోయిందనుకోకండి. దేవుణ్ణి నిలదీసే నిందాస్తుతి మన కీర్తనల్లోనే ఉంది. అమ్మవారి కళ్లలో కోపం వస్తే రానివ్వండి.

నిద్ర, తిండి రెండు వారాలకు పైగా తప్పినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా బొమ్మలతో సరిపెట్టుకోకండి. వెంటనే డాక్టరును కలవండి, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.